ఉంచుకుంటానంటే ఎవరూ రాలేదు

ఎనిమిదో తరగతి పిల్లలతో ఒకరోజు వంశవృక్షం గీయించాను. తాతలు, నాయనమ్మలు, మేనత్తలు, చిన్నాయనలు, అందరికీ ఒక్కో గడి గీసి పేర్లు రాయమన్నాను. మా బడికి వచ్చేది చుట్టుపక్కల తాండాల పిల్లలే. ఒక అమ్మాయి తన తండ్రి పక్కన నాలుగు గడులు గీసి, మూడింటిలో మేనత్తల పేర్లు రాసి, నాలుగోది ఖాళీగా వదిలేసింది. పేరు మరిచిపోయిందేమో అనుకుని, ఇంటి దగ్గర అడిగి రాసుకురమ్మన్నాను.

"పేరు పెట్టలేదు సార్. పసిగుడ్డు ఉన్నప్పుడే ఇచ్చేసిన్రంట" అంది.

క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. కాసేపాగి ఆ పిల్లే అడిగింది: "సార్, ఇచ్చుడు, అమ్ముడు ఒకటేనా?"

నాకు జవాబు రాలేదు. ఇంతలో గంట కొట్టారు, బతికిపోయాను. పాఠం చెప్పేవాళ్లందరికీ ఇలాంటి గంటలు ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తాయి. కానీ ఆ ప్రశ్న ఇంటిదాకా నా వెంట వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

మన పిల్లలకు ఈ కథ ఎవరూ చెప్పరు కాబట్టి ముందు అది చెప్పాలి. నల్గొండ జిల్లా దేవరకొండ, చందంపేట ప్రాంతాల తాండాల నుంచీ, పాత మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల తాండాల నుంచీ 1990ల చివర్లో ఆడ పసికందులు హైదరాబాదులోని దత్తత కేంద్రాలకు చేరారు. మధ్యవర్తులు తాండాకు వచ్చేవారు. తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టేవారు. బిడ్డ పట్నం చేరేది. అక్కడి నుంచి కొందరు విదేశాలకు వెళ్లారు. విదేశీ దంపతులు కట్టే మొత్తం వేల డాలర్లలో ఉండేది, తాండాలో తల్లికి ముట్టేది దానికి ఎక్కడా పొంతన లేనిది. 1999లో ఒకసారి, 2001లో మరోసారి ఇది బయటపడింది. పోలీసులు సోదాలు చేశారు, అరెస్టులు జరిగాయి, కేంద్రాల్లోని పిల్లలను ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. 2001లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పేదరికం వల్లనో, పిల్లలు ఎక్కువయ్యారనో, ఆడపిల్ల అక్కర్లేదనో బిడ్డను అప్పగించడానికి ఇక వీల్లేదని దాని సారాంశం.

ఆ ఉత్తర్వు తప్పని నేననను. బేరం ఆగాలి, ఆగడం మంచిదే. కానీ దాన్ని తల్లి వైపు నుంచి ఒక్కసారి చదివి చూడండి. పేదరికం కారణంగా బిడ్డను ఇవ్వకూడదు అని రాసినవాళ్లు, ఆ పేదరికాన్ని ఎవరు మోయాలో ఆ కాగితంలో రాయలేదు. ఇచ్చే తలుపు మూశారు. ఉంచుకునే తలుపు తెరిచారా?

వంశవృక్షం గీసిన పిల్ల నాయనమ్మను నేను ఎరుగుదును. తాండాకు ఆ చివర ఇల్లు. బడి కాగితం మీద సంతకం కోసం వెళ్లినప్పుడు ఆమె గుమ్మం ముందు చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేను ఏమీ అడగలేదు. మనవరాలు ఏం అడిగిందో ఆమెకు తెలిసినట్టుంది, తనే మొదలుపెట్టింది.

"ఉంచుకుంటనంటే ఎవలూ రాలె బేటా. ముగ్గురు ఆడపిల్లలు, ఒక పోరడు. నీళ్లు లేవు, చెలక ఎండిపోయింది. ఆయన పుణె పోయిండు, పైసలు రాలె. నాకు పాలు లేవు. గిద్దెడు పాలు ఎవలన్న పోసిన్రా? ఇస్తనంటే మాత్రం జీపు వచ్చింది."

ఇంకేమీ అనలేదు. నేను సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

ఇచ్చుడు, అమ్ముడు ఒకటేనా అన్న ప్రశ్నకు పత్రికలు అప్పట్లో తొందరగానే జవాబు చెప్పేశాయి. కన్నబిడ్డను అమ్ముకున్న తల్లి అన్నాయి. అమ్మకం అనాలంటే అమ్మేవాడికి అమ్మకుండా ఉండే దారి కూడా ఉండాలి. సంతలో గొర్రెను అమ్మేవాడు ధర నచ్చకపోతే ఇంటికి తోలుకుపోతాడు. ఈ తల్లి ఇంటికి తీసుకుపోయి ఏం పెట్టాలి? అలాగని ఆమెకు అసలు తెలివే లేదని, ఎవరో మాయచేసి లాక్కుపోయారని చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. మన ఆడవాళ్లను అమాయకులను చేసి కాపాడే పద్ధతి ఒకటుంది, అదీ ఒక రకం అవమానమే. ఆమెకు అన్నీ తెలుసు. తెలిసే ఇచ్చింది. కాకపోతే ఆమె ముందున్న రెండు దారుల్లో ఒకదానికి జీపు ఉంది, రెండోదానికి గిద్దెడు పాలు కూడా లేవు.

ఆమె మాట విన్నాక నాకొక విషయం తట్టింది. తట్టాక ఎక్కడ చూసినా అదే కనబడుతోంది. మన పిల్లల కోసం సర్కారు పెట్టే డబ్బు ఎక్కువగా ఎప్పుడు వస్తుందో చూడండి. బిడ్డ ఇల్లు విడిచినప్పుడు వస్తుంది.

లెక్క చూద్దాం. ఆరేళ్ల లోపు పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది. ఆమెకు అందేది అంగన్‌వాడీ. దేశమంతా వర్తించే అనుపూరక పోషణ ఖర్చు 2017లో ఖరారు చేసినది పిల్లకు రోజుకు 8 రూపాయలు. తీవ్ర పోషణ లోపం ఉంటే 12. గర్భిణికి, బాలింతకు 9 రూపాయల 50 పైసలు. దీన్ని కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తున్నారు. అది మంచి పథకం, నడిచిన చోట దాని ఫలితం నా కళ్లతో చూశాను. అయినా ఏడాదికి 300 రోజులు, రోజుకు 8 రూపాయలు అంటే పిల్ల వాటాకు నెలకు 200 రూపాయలు.

అదే పిల్ల మూడో తరగతికి హాస్టల్‌లోనో గురుకులంలోనో చేరితే 2024 చివర్లో పెంచిన డైట్ చార్జీల ప్రకారం నెలకు 1,330 రూపాయలు. ఎనిమిది నుంచి పది దాకా 1,540. ఇంటర్ నుంచి 2,100. ఇది తిండి వరకే, గదులు, టీచర్లు, దుప్పట్లు వేరు. ఒక పూట తిండికీ మూడు పూటల తిండికీ పోలిక పెట్టకూడదు, నిజమే. ఆ హాస్టల్ డబ్బు కూడా సరిపోతుందని కాదు, అక్కడ వండిపెట్టే అక్కలను అడిగితే చెబుతారు. నేను చూపించేది మొత్తాన్ని కాదు, దిక్కును. పిల్ల ఇంటి నుంచి ఎంత దూరం జరిగితే ఆమె మీద పెట్టే డబ్బు అంత పెరుగుతోంది.

ఆ పిల్లకు పద్దెనిమిది నిండి పెళ్లయితే కల్యాణలక్ష్మి. 2014 అక్టోబరు 2న మొదలైనప్పుడు 51 వేలు. 2017లో 75,116, 2018లో 1,00,116. పుట్టినప్పటి నుంచి పెళ్లి దాకా తల్లి చేతికి ఆ పిల్ల పేరు మీద వచ్చే మొత్తాల్లో ఇదే పెద్దది. అది వచ్చేది పిల్ల గడప దాటి వెళ్లే రోజు లెక్కకు.

మధ్యలో తండ్రి చనిపోతేనో, వదిలేసి పోతేనో, మంచం పడితేనో మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఒకటుంది. పిల్లకు నెలకు 4,000 రూపాయలు, పిల్ల ఇంట్లోనే ఉండవచ్చు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదు. మన చట్టాల్లో నేను చూసినంతలో సరైన దిక్కున నడిచే డబ్బు ఇదే. చాలామంది టీచర్లకు దీని సంగతే తెలియదు. మీ క్లాసులో తండ్రి లేని పిల్ల ఉంటే ఆ దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ అధికారి దగ్గరకు చేరిందో లేదో కనుక్కోండి. అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ ఉండి, ఇద్దరూ కూలికి పోతూ, నలుగురు పిల్లలతో నెట్టుకొచ్చే ఇంటికి ఇది మామూలుగా వర్తించదు. ఆ ఇల్లు కూలితేనే డబ్బు వస్తుంది, కూలకుండా ఆపడానికి రాదు.

2015 బాల న్యాయ చట్టం అయితే చాలా అందంగా మాట్లాడుతుంది. బిడ్డను పెంచే మొదటి బాధ్యత కన్న కుటుంబానిదే అంటుంది, సంస్థలో పెట్టడం చిట్టచివరి దారి అంటుంది. బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు కూడా ఇస్తుంది. గడువు ఇచ్చారు, సంతోషం. ఆ రెండు నెలల్లో ఆ ఇంట్లో ఏం మారాలని? వాన పడుతుందా, అప్పు తీరుతుందా? మనసు మార్చుకోవడానికి తల్లికి కావలసింది రోజులు కాదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. నేను హాస్టల్ బిడ్డనే. ఏడో ఏట మా బా నన్ను బస్సెక్కించి ఆశ్రమ పాఠశాలలో దింపి వెళ్లాడు. ఆ బడి లేకపోతే నేనీ వ్యాసం రాసేవాణ్ని కాదు, మా తాండాలో ఇద్దరు నర్సులు, ఒక కండక్టర్ ఉండేవాళ్లు కాదు. హాస్టళ్లను తిట్టి చప్పట్లు కొట్టించుకునే మేధావులు కొందరున్నారు, వాళ్ల పిల్లలకు హాస్టల్ అక్కర్లేదు. మన తరానికి అక్షరం దొరికింది అక్కడే. కానీ అక్కడ నేను పోగొట్టుకున్నదీ ఉంది. మా యాడి పాడే తీజ్ పాటలు నాకు సగం సగమే వచ్చు. గోర్ బోలీలో కలలు రావడం ఎప్పుడు ఆగిపోయిందో గుర్తు లేదు. ఒక దసరా సెలవులకు ఇంటికి వస్తే మా చిన్న చెల్లె నన్ను చూసి చుట్టం వచ్చాడనుకుంది. ఇది ఎవరి తప్పూ కాదు. చదువు కావాలంటే ఇల్లు వదలాలి అన్న బేరం మా బా ముందు పెట్టారు, ఆయన ఒప్పుకున్నాడు. ఆ బేరం లేకుండా, తాండాలోనే బడి, అంగన్‌వాడీలోనే మన భాష తెలిసిన టీచరు ఉండి ఉంటే ఆయన ఏమని ఉండేవాడో నేను ఊహించలేను.

ఇదేదో మన దగ్గరే ఉన్న వింత కాదు. కెనడాలో ఆదివాసీ పిల్లలను నూరేళ్లకు పైగా తల్లుల దగ్గర నుంచి తీసి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అక్కడి గిట్క్సాన్ జాతికి చెందిన సిండీ బ్లాక్‌స్టాక్ అనే సామాజిక కార్యకర్త మాత్రం క్షమాపణతో ఊరుకోలేదు. ఆమె డబ్బు లెక్కలు తీసింది. ఆమె నడిపే సంస్థ, ఆదివాసీ జాతుల సమాఖ్య కలిసి 2007లోనే మానవ హక్కుల ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేశాయి. బిడ్డను ఇంటి నుంచి తీసి సంరక్షణలో పెడితే అయిన ఖర్చంతా కేంద్ర ప్రభుత్వం తిరిగి ఇస్తోంది. బిడ్డ ఇంట్లోనే ఉండేలా కుటుంబానికి సాయపడాలంటే మాత్రం బిగించిన కొద్ది మొత్తమే. ఇక సాయం చేసేవాడు ఏది చేస్తాడు? చెడ్డవాడు కానక్కర్లేదు, డబ్బు ఎటు ఉంటే అటు పోతాడు. తొమ్మిదేళ్లు వాదించాక 2016 జనవరిలో ట్రిబ్యునల్ ఇది వివక్షే అని తీర్పు చెప్పింది. నిధులిచ్చే తీరే పిల్లలను ఇళ్ల నుంచి తీసేలా పురిగొల్పుతోందని కూడా చెప్పింది. 2023లో కోర్టు ఆమోదించిన పరిహారం 2,330 కోట్ల కెనడా డాలర్లు.

దేవరకొండ అవ్వ చింతగింజలు తీస్తూ చెప్పిందీ, ట్రిబ్యునల్ తొమ్మిదేళ్ల తర్వాత చెప్పిందీ ఒకటే. ఒకరిది రెండు వాక్యాలు, ఇంకొకరిది వందల పేజీలు.

ఇంతవరకూ సర్కారును అడిగాను. ఇక మనల్ని మనం అడగాలి, ఇదే కష్టమైన భాగం. పేదరికం ఒక్కటే కారణమైతే మగపిల్లలు కూడా పోవాలి కదా? ఎందుకు పోలేదు? ఆ అవ్వ ఇంట్లో కూడా పోరడు ఉండిపోయాడు, నాలుగో ఆడపిల్ల పోయింది. ఆకలికి ఆడా మగా తేడా తెలియదు. తెలిసింది మనకే.

ఇది మన పాత ఆచారం కూడా కాదు. ముసలివాళ్లను అడగండి. ఒకప్పుడు మన దగ్గర పిల్లవాడి వైపు వాళ్లే ఆడపిల్ల ఇంటికి ఇచ్చుకునేవాళ్లు, ఎడ్లో, రూపాయలో. కూతురు పుడితే ఇంటికి నష్టం కాదు. పశువులు, రవాణా, అడవి పోయి, చెలకలు, కూలి, పట్నం వచ్చాక కట్నం కూడా వచ్చింది. చదువుకుని ఉద్యోగం చేసే పిల్లలకు రేటు కట్టడం మొదలైంది. నాలాంటివాళ్లకే అన్నమాట. హాస్టల్‌లో చదివి సర్కారు జీతం తెచ్చుకున్న మొదటి తరం మగవాళ్లం, మన జాతిలోకి కట్నాన్ని తెచ్చిన తరం కూడా మేమే. ఇది రాయడానికి నాకు బాగాలేదు, కానీ నా పెళ్లిలో ఏం జరిగిందో నాకు తెలుసు.

అందుకే కల్యాణలక్ష్మి గురించి నాకు రెండు మనసులు. వధువుకు పద్దెనిమిది నిండాలన్న షరతు వల్ల మా తాండాలో పదిహేనేళ్ల పెళ్లిళ్లు ఆగాయి. నేనే ఆపలేనివాటిని ఆ చెక్కు ఆపింది. డబ్బు వధువు తల్లి పేరున రావడం కూడా మంచిదే. కానీ లక్ష వస్తుందని తెలిసిన పెళ్లికొడుకు వైపువాళ్లు దాన్ని ముందే లెక్కలో వేసుకోవడం నేను కూర్చున్న పెళ్లిమాటల్లోనే జరిగింది. ఆడపిల్ల పోయేదే, ఆమె మీద పెట్టే ఖర్చు పెళ్లి ఖర్చే అనే మాట మనమూ అంటాం, మన కట్నమూ అంటుంది. సర్కారు తన అతిపెద్ద చెక్కును ఆ రోజుకే పెట్టి అదే మాట తానూ అంటోంది. దాని ఉద్దేశం అది కాకపోవచ్చు. డబ్బుకు ఉద్దేశం చదవడం రాదు, అది ఇచ్చే రోజునే చెబుతుంది.

వేరే రోజులకు ఇవ్వడం సాధ్యమే అని మన చట్టసభ ఒకసారి ఒప్పుకుంది కూడా. 2013లో ఉమ్మడి రాష్ట్రం బంగారు తల్లి చట్టం చేసింది. ఆడపిల్ల పుట్టినప్పుడు 2,500, ఏడాదీ రెండేళ్ల వయసులో వెయ్యి చొప్పున, అంగన్‌వాడీ వయసులో ఏటా 1,500, బడిలో తరగతిని బట్టి పెంచుతూ, డిగ్రీ దాకా చదివితే మొత్తం 55,500, ఆ తర్వాత లక్ష. అంటే పిల్ల ఇంట్లో పెరుగుతున్న ప్రతి ఏడూ తల్లికి ఏదో కొంత. రాష్ట్రం విడిపోయాక అది సాగలేదు. సాగినా మన ప్రశ్నకు అందులో ఒక కన్నం ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకే వర్తిస్తుంది. తాండాల నుంచి పోయింది ఎవరు? మూడో పిల్ల, నాలుగో పిల్ల. జనాభా తగ్గించాలన్న ఆలోచనతో పెట్టిన షరతు అది, అర్థం చేసుకోగలను. కానీ పుట్టిన పిల్ల పుట్టింది. తల్లిదండ్రుల లెక్క తప్పినందుకు జరిమానా ఆ పసిగుడ్డు కట్టాలా? ఇద్దరికి పాలు ఇచ్చి మూడోదానికి ఇవ్వకపోవడాన్ని ఏ నీతిశాస్త్రం ఒప్పుకుంటుందో నాకు తెలియదు.

ఇంటికి డబ్బిస్తే మొగుడు సారాకు పోస్తాడు అనే మాట ప్రతి మీటింగులో వినబడుతుంది. కొందరు పోస్తారు, ఎందుకు దాచాలి. ఇంగ్లండులో కూడా ఇదే వాదం నడిచింది. పిల్లల పేరిట ప్రతి కుటుంబానికీ సొమ్ము ఇవ్వాలని ఎలినార్ రాత్‌బోన్ అనే పార్లమెంటు సభ్యురాలు పాతికేళ్లకు పైగా పోరాడింది. 1945లో చట్టం వచ్చేసరికి ముసాయిదాలో డబ్బు తండ్రికి అని రాశారు. ఆమె ఒప్పుకోలేదు, తల్లికి అని మార్పించింది. తాగుబోతు ఉన్నాడని డబ్బే ఆపలేదు, చెయ్యి మార్చారు. మన దగ్గర మహిళా సంఘాల ఖాతాలు ఉన్నాయి, తల్లుల పేరున బ్యాంకు పుస్తకాలున్నాయి. తాగేవాడి పేరు చెప్పి తాగని తల్లికి ఎగ్గొట్టడం సాకే.

ఇంకో మాట కూడా వింటాం, మెల్లగా అంటారు: మీకు ఎంత ఇచ్చినా తక్కువే అంటారు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అనే ఈ భాష మన పిల్లల నాలుక మీదికి కూడా వచ్చేసింది. "సర్కారు ఇస్తోంది సార్" అంటారు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ప్రాంతంలో గిరిజనులు నూటికి తొమ్మిది మంది. అభివృద్ధి నిధుల్లో జనాభా మేరకు వాటా పక్కన పెట్టాలన్నది 1970ల నుంచి ఉన్న గిరిజన ఉప ప్రణాళిక ఆలోచన. 2013లో అది చట్టమైంది, 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చి, ఖర్చు కాని సొమ్మును మరుసటి ఏడాది లెక్కలో కలపాలని రాసుకుంది. కలుపుతున్నారా లేదా అన్నది వేరే సంగతి, అడగాల్సిన సంగతి. ఇక్కడ చెప్పేది ఇదీ: అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు తమ్ముడి భాగం తమ్ముడిదే, అన్న పెట్టిన భిక్ష కాదు. తండ్రి నాగార్జునసాగర్ నీళ్ల కింద చెలక పోగొట్టుకున్నవాడు, కొడుకు పాలమూరు లేబర్‌గా దేశమంతా డ్యాములు కట్టినవాడు. వాళ్ల మనవరాలి గ్లాసులో పాలు ఎవరి దయా కాదు.

వాటా అనుకున్నప్పుడు అడిగే పద్ధతీ మారుతుంది. సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఒక ఆవాసంలో ఆరేళ్ల లోపు పిల్లలు నలభై మంది ఉండి, అంగన్‌వాడీ లేకపోతే, అక్కడివాళ్లు అడిగిన మూడు నెలల్లోగా కేంద్రం పెట్టాలి. నిబంధనల ప్రకారం గిరిజన ప్రాంతాల్లో 150 మంది జనాభా ఉన్నా మినీ కేంద్రం పెట్టవచ్చు. నల్లమలలోని చెంచు పెంటలు కొన్ని ఆ లెక్కకు కూడా అందవు, నాలుగు గుడిసెలు ఇక్కడ, ఆరు గుడిసెలు అక్కడ. లెక్కకు అందని పిల్లల ఆకలి లెక్కలోకి రాకుండా పోదు కదా. అమ్రాబాద్ వైపు పనిచేసే టీచర్లు ఈ సంగతి నాకంటే బాగా రాయగలరు, రాయాలి. వలస పోయే ఇళ్ల కష్టం ఇంకొకటి. తల్లి పుణెలో ఇటుకలు మోస్తుంటే ఆమె పేరు ఇక్కడి రిజిస్టరులో ఉంటుంది, గుడ్డు ఇక్కడ ఉంటుంది, ఆమె కడుపు అక్కడ ఉంటుంది. ఏ కేంద్రంలోనైనా ఇవ్వాలని నిబంధన ఉందని చెబుతారు. పరాయి రాష్ట్రంలో, పరాయి భాషలో, పని జాగా వదిలి వెళ్లి ఆ నిబంధనను ఆమె ఎవరికి చూపించాలి?

వంశవృక్షం పాఠం అయిన నెలకు మా పక్క తాండాలో పిల్లల లెక్క తీద్దామని నలుగురు కుర్రాళ్లతో బయల్దేరాను. అక్కడి నుంచి అంగన్‌వాడీ కేంద్రానికి రెండు కిలోమీటర్లు, మధ్యలో వాగు. వానాకాలం ఎవరూ పంపరు. ఆ అమ్మాయి కూడా వస్తానంది, వాళ్ల నాయనమ్మ సరే అంది. దస్తూరీ బాగుంటుందని రిజిస్టర్ ఆ పిల్ల చేతికే ఇచ్చాం. ఇంటింటికీ తిరిగితే నలభైకి పైనే తేలారు. పేరు, వయసు, తల్లి పేరు, మూడు గడులు. తండ్రి పేరు ఎందుకు రాయడం లేదని ఒకాయన తగాదా పెట్టుకున్నాడు, ఆయనకు నచ్చజెప్పేసరికి పొద్దుగూకింది.

చివరి ఇంట్లో ఇరవై రోజుల పాప. మూడో ఆడపిల్ల. ఇంకా పేరు పెట్టలేదని తల్లి చెప్పింది. పేరు లేకపోతే రాయొచ్చా సార్ అని అమ్మాయి నా వైపు చూసింది. రాయమన్నాను. మొదటి గడిలో "పాప" అని రాసి, రెండో గడిలో 20 రోజులు అని రాసి, మూడో గడిలో తల్లి పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది. దరఖాస్తు మీద ఆ తాండా తల్లులందరూ వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. రసీదు తీసుకున్నాం. మూడు నెలల గడువు ఈ సంక్రాంతికి అయిపోతుంది.